లూప్ లైన్ – పద్నాలుగో భాగం: సడ్డకుడి కాలు

“మీ డాడీకి చెప్పు, ఫ్రిజ్‌ల పప్పు ఉన్నదని.”

“డాడీ, ఫ్రిజ్‌ల పప్పు ఉన్నదట.”

“ఎన్నటిదో అడుగు.”

“మమ్మీ, ఎన్నటిదని అడుగుతుండు.”

“నిన్న మధ్యాహ్నంది. అందరు సగంల లేచిన పప్పు. ఎందుకు లేచిన్రో ఆయనకే ఎరుక.”

సహస్ర నోట్లో టూత్‌బ్రష్‌తోనే అటొకసారి, ఇటొకసారి తిరిగింది. అమ్మకీ నాన్నకీ మధ్య దూరం ఆరడుగులు. నిన్నటి నుంచి ఆ ఆరడుగుల లైను మీద మాటలు నేరుగా నడవడం లేదు. ప్రతి మాటా కూతురి స్టేషన్‌లో ఆగి, బండి మారి వెళ్తోంది.

“నాకు కాలేజీ ఉన్నది. మీరిద్దరు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోరాదుండ్రి,” అంది సహస్ర.

ఎవరూ నవ్వలేదు. నీలిమ బ్యాగులో మూడో చీర పెట్టింది. సుధాకర్ తలుపు పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు. ఒక చీరైతే అలక. రెండైతే కోపం. మూడైతే పుట్టింట్లో ఒక ఆదివారం కూడా గడిచేటట్టుంది. ఆమె నాలుగోది కూడా పెట్టింది. అతను లెక్క మానేశాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. కాలూ నోరూ ఒక్కడివే అనుకుని అన్నారు పాపం. ఇక్కడ కాలు ఒకరిది, నోరు ఇంకొకరిది.

కాలు రూపేష్‌ది. నీలిమ చెల్లెలు అంకిత మొగుడు. అంటే సుధాకర్‌కి సడ్డకుడు. ఒకప్పుడు సుధాకర్ నడిపే గూడ్సు బండిలోనే అసిస్టెంటు. పిల్లవాడు బుద్ధిమంతుడని, దగ్గరుండి మరదలినిచ్చి పెళ్ళి చేయించింది సుధాకరే. ఆ బుద్ధిమంతుడు నాలుగేళ్ల కింద రైల్వేకి రాజీనామా ఇచ్చి, జర్మనీ వెళ్ళి, అక్కడి భాష నేర్చి, అక్కడి గూడ్సు ఎక్కాడు. అంకితతో సెలవు మీద వచ్చి వారం రోజుల కింద వికారాబాద్‌లో ఈ ఇంట్లోనే దిగాడు. జర్మనీ అంటే ‘జర మనీ’ అనుకున్నారు చుట్టాలు. సూట్‌కేసులు చూశాక జర కాదు, మస్తు అని దిద్దుకున్నారు.

ఆ వారమంతా ఇంట్లో ఒకటే పాఠం. అక్కడ ఇంజన్లో ఏసీ. అక్కడ డ్రైవరు సీటు మన ఇంటి సోఫా కన్నా మెత్తన. అక్కడ డ్యూటీ టైం దాటితే ఇంకో డ్రైవరు వచ్చి నిలబడతాడు. పద్నాలుగు గంటలు బండి నడిపి ఇంటికొచ్చిన సుధాకర్ ఆ పాత సోఫాలోనే కూర్చుని ఇదంతా మింగాడు. దేశంలో బొగ్గు ఇంజన్లు పోయి డీజిల్ వచ్చాయి, డీజిల్ పోయి కరెంటు వచ్చింది. కడుపులో మంట మాత్రం ఇంకా బొగ్గుతోనే నడుస్తోంది.

“అక్కడ హారన్ ఊకె కొట్టరన్నా. కొడితే ఊరోళ్ళు కంప్లైంట్ పెడ్తరు.”

“ఇక్కడ కొట్టకుంటె బర్రెలు పెడ్తయి.”

నీలిమ నవ్వింది. తన జోకుకే నవ్విందని సుధాకర్ మురవబోయాడు. ఇంతలో చూశాడు. నవ్వు తన జోకుకే గానీ చూపు రూపేష్ వైపుంది.

మింగుడుపడనిది అదే. ఇరవై రెండేళ్ల కాపురంలో ‘మీ ఇంజన్ల ఏముంటది’ అని ఒక్కనాడూ అడగని మనిషి, వంటింట్లో స్టౌ ఆపి మరీ సడ్డకుణ్ణి అడుగుతోంది, “ఒక్కడివే గంతసేపు ఉంటె భయం గాదా రూపేష్?” అని.

ఇక సుధాకర్ కళ్ళు ఎర్ర దీపం కోసం వెతకడం మొదలుపెట్టాయి. వెతికేవాడికి దొరకకుండా పోదు. నిన్న భోజనాల దగ్గర చెంచా కింద పడింది. వంగాడు. బల్ల కింద అడ్డచెక్క మీద నీలిమ పాదం. దానికి జానెడు దూరంలో రూపేష్ కుడి పాదం. అది లేచింది. చెక్కను నొక్కింది. ఆగింది. మళ్ళీ లేచి నొక్కింది. సుధాకర్ చేతి గడియారం చూశాడు. సరిగ్గా అర నిమిషానికొకసారి. మామూలు వ్యవహారం కాదు, టైంటేబుల్ ఉన్న వ్యవహారం.

చెంచా తీయడానికి ఎవరికైనా రెండు సెకన్లు చాలు. అతనికి నిమిషంన్నర పట్టింది. లేచి, చెంచా పళ్ళెంలో పెట్టి, అన్నాడు.

“తమ్మీ, నీ కాలు నీ పట్టా మీద ఉంచుకో.”

అంకిత అక్క వైపు చూసింది. అక్క తన మొగుడి వైపు చూసింది. రూపేష్ తన కాలి వైపు, అదెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. సాయంత్రం బండికి అంకితా రూపేష్‌లు తాండూరుకి, అక్కచెల్లెళ్ళ పుట్టింటికి వెళ్ళిపోయారు. ఇవాళ పొద్దున ఏడున్నరకి నీలిమ బ్యాగు.

“సహస్రా, మీ మమ్మీని అడుగు, మళ్ళ ఎప్పుడొస్తదో.”

నీలిమ జిప్పు లాగింది. సహస్ర నోట్లో బ్రష్ తీసేలోపు, నిన్నటి తర్వాత మొదటిసారి, నేరుగా మొగుడి మొహం చూసి మాట్లాడింది.

“వంగినప్పుడు మీరు ఆయన కాలు చూసిన్రా, నా కాలు చూసిన్రా?”

“రెండు పక్కపక్కన ఉంటె రెండు కనబడవా?”

“నా కాలు కదిలిందా?”

సుధాకర్ ఫోన్ మోగింది. డ్యూటీ పిలుపు. “సుధాకర్ సార్, పదకొండింటికి రావాలె. ఖాళీ సిమెంటు వ్యాగన్లు, వాడి జంక్షన్ దాకా.”

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి గుమ్మం దగ్గర నీలిమ చెప్పులు లేవు. తాండూరులో బండలమ్మే రాజేశం బిడ్డ, మనసు బండ చేసుకుని పుట్టింటికి బయల్దేరింది.

“డాడీ,” అంది సహస్ర నోరు కడుక్కొని వచ్చి. “మమ్మీ రాకపోతే అప్పుడేం జేస్తరు?”

“వస్తది.”

“ఎట్ల ఎరుక?”

సుధాకర్ డ్యూటీ బ్యాగు అందుకున్నాడు.

*

స్టేషన్‌లో డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీలో ఊదమన్నారు. తాగి వచ్చాడో లేదో తేల్చే మిషన్. ఊదాడు. సున్నా చూపింది. ఈర్ష్యను పట్టే మిషన్ ఇంకా మన దేశానికి రాలేదు. జర్మనీలో ఉందేమో, సడ్డకుణ్ణి అడగాలి.

పన్నెండుకి బండి కదిలింది. యాభై ఎనిమిది ఖాళీ వ్యాగన్లు, ముందు పాత గూడ్సు ఇంజన్. ఎడమ సీట్లో సుధాకర్. కుడి సీట్లో అసిస్టెంటు ఇమ్మానుయేలు, కోట్‌పల్లి పిల్లవాడు, ముప్పై లోపు. నోరు మూసుకుని ఊరుకునే రకం కాదు. ఇవాళ బండి పోయేది వాడి వైపు. సుధాకర్ బుర్ర పోయేదీ వాడి వైపే, ఆ సడ్డకుడి వైపే.

“డిస్టెంట్ గ్రీన్,” ఇమ్మానుయేలు చెయ్యి చాపి చదివాడు.

“గ్రీన్,” అన్నాడు సుధాకర్.

మన బండ్లలో ఇది పద్ధతి. ప్రతి సిగ్నల్‌నూ ఒకరు చదవాలి, రెండోవారు తిరిగి చెప్పాలి. మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఈ రూలుంటే కోర్టుల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యేవి.

ధారూరు దాకా అన్నీ గ్రీన్లే.

“సార్, మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు రూపేష్ సార్ ఆయన ఇంజన్ వీడియో చూపెట్టిండు. మస్తున్నది.”

“ఊఁ.”

“పక్కన అసిస్టెంట్ లేడు. ఎనక గార్డు లేడు. సిగ్నల్ సుత పిలువడు. డిస్టెంట్ సిగ్నల్ కాషన్‌ల, అంటె జాగ్రత్త అన్నట్టు ఉంటె నాలుగు సెకండ్లల్ల బటన్ నొక్కాలె. లేకుంటె బండే బ్రేకేసుకుంటదట.”

“మన దగ్గర నువ్వే బటన్‌వి. నొక్కకున్నా మోగుతవు.”

“గది మంచిదే గద సార్. ఆయన ఎనిమిది గంటలు ఒక్క మాట మాట్లాడడట. మొదటి చలికాలం, పిచ్చిలేసి తెలుగుల కిలోమీటరు రాళ్ళు చదువుకుంట పోయిండట.”

“పైసలు మాట్లాడ్తయి తియ్యి.”

ఇమ్మానుయేలు బాటిల్ ఎత్తి నీళ్ళు తాగాడు. మూత పెట్టాడు.

“కాలి ముచ్చట చెప్పిండా సార్ మీకు?”

హ్యాండిల్ మీద సుధాకర్ చెయ్యి ఆగింది. “ఏ కాలు?”

“మనం నిద్రపోలేదని తెలిసేటందుకు నిమిషానికొకపారి బటన్ నొక్కుతం గద. హారన్ కొట్టినా, హ్యాండిల్ కదిపినా లెక్కల వడ్తది. వాళ్ళది గట్ల గాదు. కాలి కింద పెడల్. తొక్కి పట్టుకోవాలె. అర నిమిషంల ఒక్కపారి లేపి మళ్ళ తొక్కాలె. మరిస్తె కూత వెడ్తది. ఇంకా మరిస్తె బండి ఆగుతది. డ్రైవర్ బతికున్నడా లేడా, కాలే చెప్పాలె సార్.”

సుధాకర్ ఎదురుగా పట్టాలు చూస్తున్నాడు.

“మూడేండ్లాయె. కాలుకు అలవాటు పడ్డదట. అన్నం తిన్నా, టీవీ చూసినా తొక్కుతనే ఉంటడు. ఆయనకే తెల్వది. ‘నిద్రల సుత నన్ను తొక్కుతడు’ అని అంకిత మేడం చెప్పి నవ్వింది.”

మన కొత్త ఇంజన్లలోనూ కాలి కింద అలాంటిది ఒకటి ఉంది. సుధాకర్ దాన్ని ఎన్నోసార్లు చూశాడు. చేత్తో పని జరిగిపోతుంటే కాలెందుకని ఏనాడూ తాకలేదు. దేశాలు రెండు, కాపలా ఒకటే. ఇక్కడ చేతి కింద, అక్కడ కాలి కింద. ఇరవై నాలుగేళ్లుగా బండి నడిపేవాడికి ఆ తొక్కుడేమిటో చూడగానే తట్టాలి. బల్ల కింద దూరి, గడియారం పెట్టి ముప్పై సెకన్లు కొలిచి కూడా తట్టలేదు.

“డబల్ ఎల్లో,” అన్నాడు ఇమ్మానుయేలు.

తిరుగు మాట రాలేదు.

“సార్. డబల్ ఎల్లో.”

“డబల్ ఎల్లో.” చెయ్యి హ్యాండిల్‌ని వెనక్కి లాగింది. బండి నెమ్మదించింది.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. తెలుగువాడికి అదొక చిక్కు. హాయిగా పొమ్మనేదీ పచ్చే, చూసి పొమ్మనేదీ పచ్చే. వారం రోజులుగా సుధాకర్ ఏ పచ్చ చూశాడో అతనికే తెలియలేదు.

“సార్, పానం బాగలేదా? మొకం గట్లున్నదేంది?”

“ఏం లేదు. ముంగట చూడు.”

“హోమ్ ఎల్లో. పక్కకు తీస్తున్నరు సార్. తాండూరు లూపే.”

“లూపే.”

ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి, మెయిన్ లైను మీంచి పక్కకి తోసినందుకు సుధాకర్ లోలోపల కంట్రోలర్‌కి దండం పెట్టాడు. వెనక ఎక్స్‌ప్రెస్ ఉంది. అది దాటేదాకా పదిహేను, ఇరవై నిమిషాలు. నీలిమకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకోవడానికి సరిపోతుంది. రుక్మాపూర్ స్టేషన్ నుంచి మాటలు పేర్చుకుంటూనే వచ్చాడు. ‘నీలిమా, అది పెడల్ అలవాటట. నాకు తెల్వక అన్న. రూపేష్‌కు సుత చెప్త.’ ఎటు నుంచి చదివినా బాగానే ఉంది.

*

తాండూరు లూపులో గూడ్సు ఆగిందంటే సుధాకర్ అత్త వసంతమ్మకి కబురందుతుంది. క్యారియర్‌లో జొన్నరొట్టె, పప్పు ఇంజన్ దగ్గరికి వస్తాయి. పెళ్ళైనప్పటి నుంచీ నడుస్తున్న మర్యాద. ఇవాళ అతను అత్తకి ఫోన్ చేయలేదు. అయినా స్టేషన్ వాళ్ళెవరో కబురు చెప్పినట్టున్నారు, క్యారియర్ వచ్చింది. తెచ్చింది నీలిమ.

బ్రేకులు బిగించి, ఇంజన్ ఇమ్మానుయేలుకి అప్పగించి, సుధాకర్ కంకర మీదికి దిగాడు.

“మా అమ్మ పంపింది,” అంది నీలిమ. “‘అల్లుడు ఏమన్నా అననీ, ఆకలి ఆకలే’ అన్నది. మోసుడే నా పని.”

“జర ఆగు నీలిమా. ఒక మాట చెప్పాలె. రూపేష్ కాలు...”

“పెడల్ అలవాటు.”

పేర్చుకొచ్చిన మాటల్లో మొదటిదే పట్టా తప్పింది.

“నీకెరుకనా?”

“వాళ్ళొచ్చిన రెండోనాడే ఎరుక. కాళ్ళ కింద చెక్క ఊగుతుంటె నేనే అడిగిన, ఏంది రూపేష్, బల్లను తాండూరు దాక నడుపుతవా అని. అప్పుడు చెప్పిండు.”

“మరి నిన్న ఎందుకు చెప్పకపోతివి?”

“మీరడిగిన్రా? అడిగితె చెప్తుంటి. మీరు వంగి లెక్కవెట్టిన్రు.”

సుధాకర్ తల దించుకున్నాడు. “తప్పైంది. వాని కాళ్ళు పట్టుకొమ్మంటె పట్టుకుంట.”

“పట్టుకోండ్రి. పట్టుకున్నా తొక్కుడు ఆగది.”

పెదవి చివర నవ్వు లాంటిది వచ్చింది. సుధాకర్‌కి ప్రాణం లేచివచ్చింది. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాడు. క్యారియర్ అందుకోవడానికి చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

“కాలు తప్పు చెయ్యలే. గది నిజం. కని నేను అబద్ధమాడ.”

“ఏంది?”

“ఆయన ముచ్చట చెప్తుంటె నాకు బాగనిపించింది.”

పైన కిటికీలోంచి ఇమ్మానుయేలు తల లోపలికి లాక్కున్నాడు.

“స్టౌ బంద్ చేసి మరీ విన్న. నేను చెప్పింది ఆయన విన్నడు. ‘వదినా, అన్న డ్యూటీకి పోతె దినమంత మీరేం జేస్తరు’ అని అడిగిండు. ఇరవై రెండేండ్లల్ల ఎవ్వలడుగలే. నేను సుత నన్ను అడుగలే. మీరు ఆ ఇమ్మానుయేల్‌తోని స్తంభానికొక మాట మాట్లాడ్తరు. ఆయన పచ్చ అంటె మీరు పచ్చ అంటరు. ఇంట్ల నేనొకటంటె తిరిగి చెప్పేటోళ్ళు లేరు.”

“అది డ్యూటీ నీలిమా.”

“నేను ఇల్లు. గంతే తేడా.”

గాలికి ఖాళీ వ్యాగన్ల తలుపొకటి ఎక్కడో కిర్రుమంది.

“కాలు ఎటు పోలేదు. చెవులే అటు పోయినయి. అది తప్పైతె తప్పే. మీతోనే చెప్పాలనిపించింది, చెప్పిన. ఇంక మీరేమంటరో అనుండ్రి.”

సుధాకర్ తెచ్చుకున్న క్షమాపణ అంతా కాలి కొలతకి కుట్టించింది. చెవికి సరిపోలేదు. అప్పటిదాకా అడ్రసు లేకుండా తిరిగిన ఈర్ష్యకి ఇప్పుడు సరైన ఇంటి నంబరు దొరికింది. దొరికిన ఇంటి తలుపు తట్టకుండా ఉండలేకపోయాడు.

“ఏమేం మాట్లాడుకున్నరు?”

అనకూడని మాట అని, అంటుండగానే తెలిసింది. ఖాళీ గూడ్సు ఆగాలన్నా అర కిలోమీటరు కావాలి. నోటికి ఆ మాత్రం బ్రేకు కూడా లేదు.

నీలిమ అతన్ని చూసింది. కోపంతో కాదు. కోపమే ఉంటే బాగుండేది.

“మళ్ళ బల్ల కిందికే వంగిన్రు,” అంది మెల్లగా.

“గట్ల గాదు, నేననేది...”

“ఎన్ని దినాలుంటవు బిడ్డా అని మా నాయిన పొద్దున్నుంచి అడుగుతుండు. మీతోని మాట్లాడినంక చెప్త అన్న. మాట్లాడిన.”

క్యారియర్ ఇంజన్ మెట్టు మీద పెట్టి తిరిగింది. ఇంటి దారి బండి తోక వైపు, రైల్వే గేటు దగ్గర ఉంది. వ్యాగన్ల పక్కనే కంకర మీద నడుచుకుంటూ వెళ్ళింది. ఒక్కో వ్యాగను దాటుతున్నకొద్దీ చిన్నదవుతోంది. పిలవాలని ఉంది.

మెయిన్ లైను మీద ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. దుమ్ము లేచి అణగడానికి కాసేపు పట్టింది.

“సార్, ఎక్కుండ్రి. స్టార్టర్ గ్రీన్.”

ఎక్కాడు. “గ్రీన్,” అన్నాడు. క్యారియర్ సీటు పక్కన పెట్టాడు, తెరవలేదు. బ్రేకు వదిలి, హ్యాండిల్ ముందుకి జరిపాడు. యాభై ఎనిమిది కొక్కేలు ఒకదాని వెనకొకటి బిగుసుకున్న చప్పుడు తోక దాకా వెళ్ళింది.

బండి కదిలాక డ్రైవరు ఒకసారి వెనక్కి చూడాలి. తోకలో గార్డు పచ్చ జెండా ఊపుతాడు, వెనక అంతా సక్రమం అని. ఇంజన్లోంచి డ్రైవరు తిరిగి ఊపాలి, సక్రమమే అని. తేడా ఉంటే బండి ఆపాలి. రూపేష్ బండికి వెనక మనిషి లేడు, తిరిగి చూసే బాధా లేదు. సుధాకర్ కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు.

ఆరు వందల మీటర్ల దూరంలో జెండా ఊగుతోంది. జెండాకి పక్కన కంకర మీద మెరూన్ చీర. చీర పక్కన తెల్ల చొక్కా. మామ రాజేశం ఏడాది పొడుగునా తెల్ల చొక్కాయే వేస్తాడు. నిన్న సాయంత్రం వికారాబాద్‌లో రైలెక్కిన రూపేష్‌దీ తెల్ల చొక్కాయే. అంత దూరానికి మొహాలు ఆనవు. ఆనేది ఒకటే. చీర చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. చొక్కా తల వంచి, కదలకుండా వింటోంది.

సుధాకర్ చేతిలో పచ్చ జెండా ఉంది. చెయ్యి లేవలేదు.

బండి వేగం అందుకుంటోంది. తాండూరు ప్లాట్‌ఫారం చివర వచ్చేస్తోంది.

“సార్, గార్డు ఊపుతనే ఉన్నడు,” అన్నాడు ఇమ్మానుయేలు. “ఎనక ఏమన్న తేడా ఉన్నదా?”

సుధాకర్ తల లోపలికి తీయలేదు.

“సార్. మనం ఊపుడా, ఆపుడా?”